కన్ను ఏ బ్రాంచి?

హైదరాబాద్ శివార్లలోని నార్సింగి కూడలి నుంచి ఉస్మాన్‌సాగర్ వైపు వెళ్లే రోడ్డు ఇంజినీరింగ్ చదువుల దారి. గండిపేటలో 1979 నుంచి చైతన్య భారతి కాలేజీ ఉంది. దానికి దగ్గర్లోనే 1997లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. పొద్దున్నే ఈ దారంతా కాలేజీ బస్సులు. ఆ బస్సెక్కే పిల్లలు పెళ్లిలో కనిపించినా గృహప్రవేశంలో కనిపించినా మన పెద్దవాళ్లు మొదట అడిగేది ‘ఏ బ్రాంచి నాన్నా?’ అనే. సీఎస్ఈ అంటే ఒక రకంగా చూస్తారు, సివిల్ అంటే ఇంకో రకంగా. ఇంటర్ అయిన వేసవిలో కౌన్సెలింగ్‌లో పడ్డ ఆ రెండు మూడు అక్షరాలు నాలుగేళ్లూ పిల్లల వెంటే ఉంటాయి. పక్క బ్రాంచివాళ్ల ల్యాబులో ఏముందో తెలియకుండానే పట్టా చేతికొచ్చేవాళ్లు ఎంతమందో.

ఇదే రోడ్డు మీద, బృందావన్ కాలనీ 21వ నంబరులో, ఆ ప్రశ్నను పక్కన పెట్టిన సంస్థ ఒకటి కొన్నేళ్లపాటు నడిచింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల ‘సెంటర్ ఫర్ ఇంటర్‌డిసిప్లినరీ సైన్సెస్’ అది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు విడివిడిగా శాఖలు పెట్టకుండా సైన్సు చేయాలన్నది వాళ్ల సంకల్పం. 2017లో గోపన్‌పల్లిలోని సొంత ప్రాంగణానికి వెళ్లిపోయారు. నార్సింగిలో ఉన్న రోజుల్లో దానికి సారథ్యం వహించిన శ్రీరామ్ రామస్వామి, బెంగళూరులోని నితిన్ కుమార్, హర్ష్ సోని, అజయ్ సూద్‌లతో కలిసి 2014లో ప్రచురించిన ప్రయోగం ఒకటి నాకు చాలా ఇష్టం. నాలుగున్నర మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీలు తీసుకున్నారు. ఒక కొస లావు, రెండో కొస సన్నం. వాటిని సన్నటి అల్యూమినియం పూసల మధ్య పోసి, అడుగున ఉన్న పలకను పైకీ కిందికీ అదురుతూ ఉంచారు. ఆ అదురుకు కడ్డీలు తమంతట తామే ఒకవైపు నడవడం మొదలుపెడతాయి. పూసలు సరిపడా ఉంటే, ఒకదానికొకటి ఎక్కడా తగలనంత దూరంలో ఉన్న కడ్డీలు కూడా కాసేపటికి ఒకే దిక్కుకు తిరుగుతాయి. కడ్డీ పూసల్ని తోస్తుంది, ఆ పూసల కదలిక దూరాన ఉన్న కడ్డీని తిప్పుతుంది. ఆకాశంలో పిట్టల గుంపు ఒక్కటిగా మలుపు తిరగడం వెనక ఉన్న ప్రశ్నా ఇలాంటిదే. మరి ఇది ఫిజిక్సా, జువాలజీనా? ఆ కేంద్రంలో ఎవరూ ఈ మాట అడగనక్కర్లేదు.

పరిశోధన కేంద్రానికి ఏళ్ల తీరిక ఉంటుంది. బ్రాంచి గోడల మధ్య పెరిగిన మూడో సంవత్సరం విద్యార్థికి ఉండేది సెలవుల్లో ఒక వారం. ఆ వారంలో ఆ గోడ దాటించవచ్చా? దాటించవచ్చని చూపిన పని ఒకటి మన ఊళ్లోనే జరిగింది. నార్సింగి నుంచి గంటలోపు వెళ్లిపోయే బంజారాహిల్స్‌లో, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో 2013లో మొదలైన ‘ఇంజినీరింగ్ ద ఐ’ కార్యశాల అది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రమేశ్ రాస్కర్ నడిపే కెమెరా కల్చర్ బృందం, ఎల్వీ ప్రసాద్ సంస్థలోని ఆవిష్కరణల కేంద్రం ‘సృజన’ కలిసి దాన్ని నిర్వహించాయి. ఆసుపత్రి తరఫున ఆంథొనీ విపిన్ దాస్ వంటి డాక్టర్లు, అశుతోష్ రిచ్చారియా వంటి ఇంజినీర్లు ఈ కేంద్రానికి వెన్నుదన్నుగా ఉన్నారు. కంటి డాక్టర్లు తమకు రోజూ ఎదురయ్యే చిక్కులు చెబుతారు. ఇంజినీరింగ్, డిజైన్, సైన్సు చదివేవాళ్లు కలగలిసిన జట్లుగా కూర్చుని, ఆ చిక్కుకు జవాబుగా ఒక నమూనాను చేతులతో తయారుచేసి చూపించాలి. పైకి చెప్పుకుంటే ఇంతే. ఇలాంటి ప్రకటనలు కాలేజీ నోటీసు బోర్డు మీద ఎన్నో చూస్తాం. ఇందులో పనితనం ఎక్కడుందో దగ్గరగా చూడాలి.

మొదటి పనితనం, కన్నును ఎంచుకోవడం.

ఎవరి కంటిలోకి ఎంత దగ్గరగా చూసినా కంటిపాప నల్లగానే కనిపిస్తుంది. లోపల వెలుతురు లేక కాదు. లోపలికి వెళ్లిన వెలుగులో కొంత తిరిగి బయటికి వస్తూనే ఉంటుంది. అయితే వెళ్లిన దారినే వెనక్కి వస్తుంది, అంటే దీపం వైపుకే పోతుంది. దాన్ని అందుకోవాలంటే చూసేవాడి కన్ను దీపం ఉన్న చోటే ఉండాలి. అక్కడ తల పెడితే దీపానికి తలే అడ్డం. 1851లో జర్మనీలో హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ ఈ ముడి విప్పాడు. మైక్రోస్కోపు గాజు పలకలను ఏటవాలుగా పెట్టి, పక్కనున్న దీపం వెలుగును వాటి మీంచి కంటిలోకి మళ్లించాడు. తిరిగొచ్చే వెలుగులో కొంత అదే గాజులోంచి దూరి చూసేవాడి కంటికి చేరింది. అట్ట, జిగురు, గాజు పలకలతో చేసిన ఆ పనిముట్టుతో బతికున్న మనిషి రెటీనా మొదటిసారి కళ్లకు కట్టింది. ఇంతకీ హెల్మ్‌హోల్ట్స్ ఏ బ్రాంచి? వైద్యం చదివాడు, సైన్యంలో డాక్టరుగా చేశాడు, శరీరధర్మశాస్త్రం పాఠం చెప్పాడు, చివరికి బెర్లిన్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకు స్వీడన్ కంటి డాక్టరు అల్వార్ గుల్‌స్ట్రాండ్, కంటిలో వెలుగు వంగే తీరును గణితంతో తేల్చినందుకు 1911లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. డాక్టరుకు గణితానికి బహుమతి!

కన్ను స్వభావమే అది. ఇరవైనాలుగు మిల్లీమీటర్ల పొడవుండే ఆ చిన్న బంతిలో కటకం ఉంది కాబట్టి ఫిజిక్సువాళ్లకు చోటుంది. నరం ఉంది కాబట్టి జీవశాస్త్రం వాళ్లకూ ఉంది. బొమ్మ పడుతుంది కాబట్టి కెమెరా తెలిసినవాళ్లు, ఆ బొమ్మను విడమరచి చూడాలి కాబట్టి కంప్యూటర్ వాళ్లు, పరికరాన్ని మనిషి ముఖానికి ఆనించాలి కాబట్టి మెకానికల్, డిజైన్ వాళ్లు. కోత లేకుండా ఒంట్లోని రక్తనాళాలను నేరుగా చూడగలిగే అరుదైన చోట్లలో రెటీనా ఒకటి. అందుకే షుగరు, బీపీ లాంటి జబ్బుల జాడ కంటి డాక్టరుకు ముందే కనిపించవచ్చు. ఊపిరితిత్తుల మీదో కాలేయం మీదో ఇలాంటి వారం పెడితే మెకానికల్ విద్యార్థి చెయ్యి పెట్టే సందు దొరకడానికే రెండు రోజులు పడుతుంది. కన్ను దగ్గర మొదటి గంటలోనే అందరికీ పని దొరుకుతుంది. పొట్టి కార్యశాలకు ఇంతకన్నా మంచి వస్తువు నాకు తట్టడం లేదు.

సంస్థ పేరు గురించి ఒక మాట. ఏలూరు దగ్గరి పల్లెలో పుట్టి సినిమాల్లో పేరు తెచ్చుకున్న దర్శకుడు, నిర్మాత ఎల్వీ ప్రసాద్ తన స్థలమూ డబ్బూ ఇస్తే, అమెరికాలోని రోచెస్టర్ నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో దీన్ని నిలబెట్టారు. జీవితమంతా కెమెరా కటకంతో గడిపిన మనిషి పేరున్న చోటే, ముప్ఫై ఏళ్లు తిరక్కముందే, కుర్రవాళ్లు కొత్త కెమెరాలు కట్టి కంటిలోకి చూశారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

రెండో పనితనం ప్రశ్నను చెక్కడంలో ఉంది. ‘కంటి ఆరోగ్యంలో టెక్నాలజీ పాత్ర’ అని విద్యార్థుల ముందు పెడితే వారం చివర ఇరవై స్లైడ్ల ప్రెజెంటేషన్ వస్తుంది. ‘రెటీనాను ఫోటో తీసే పరికరం లక్షల్లో ఉంది. దాన్ని పల్లెలోని కంటి కేంద్రానికి ఇవ్వలేకపోతున్నాం. ఏం చేద్దాం?’ అని పెడితే వాళ్ల చేతులు కదులుతాయి. ఆ పల్లె కేంద్రమూ ఊహలో పుట్టింది కాదు. ఎల్వీ ప్రసాద్ సంస్థ వైద్యాన్ని పిరమిడ్‌లా కట్టింది. అడుగున యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, దానిపైన అయిదు లక్షల జనాభాకు ఒక ద్వితీయ స్థాయి ఆసుపత్రి, ఆపైన పెద్దాసుపత్రులు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో 1996లో మొదలైన కేంద్రం ఈ వరుసలో తొలి మెట్టు. విజన్ సెంటర్‌లో కూర్చునేది డాక్టరు కాదు. అదే చుట్టుపక్కల చదువుకుని, ఏడాది శిక్షణ పొందిన అమ్మాయో అబ్బాయో. ఆ అమ్మాయి వాడగలిగేలా, కరెంటు పోయినా పనిచేసేలా, దుమ్ముకు తట్టుకునేలా, పాడైతే విడిభాగం దొరికేలా ఉండాలి పరికరం. ప్రశ్నలోనే ఇన్ని షరతులు ఇమిడి ఉంటే విద్యార్థి ఆకాశంలోకి ఎగరడు.

ఈ ప్రశ్న మీద సృజనలో రూపుదిద్దుకున్న పరికరాన్ని విప్పి చూద్దాం. దాని పేరు ఓపెన్ ఇన్‌డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్. త్రీడీ ప్రింటర్‌లో పోసిన డబ్బా. ముందు ఇరవై డయాప్టర్ల కటకం. ఇది కంటి డాక్టర్లు రోజూ చేతిలో పట్టుకుని వాడేదే, నాభ్యంతరం అయిదు సెంటీమీటర్లు. లోపల మామూలు అద్దం ముక్కలు, ఒక ఎల్ఈడీ, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు, దానికి తగిలించే చిన్న కెమెరా. అప్పట్లో తయారీకి నాలుగు వందల డాలర్ల దాకా అయింది. నక్షాలన్నీ ఎవరైనా తీసుకుని కట్టుకునేలా బయట పెట్టారు.

వస్తువుల జాబితా చదివితే సులువుగా కనిపిస్తుంది. చిక్కు కొలతల్లో ఉంది. కంటి ముందు భాగం, మనం నల్లగుడ్డు అనే చోట పరుచుకున్న కార్నియా, తడి అద్దంలాంటిది. వేసిన వెలుగులో కొంత అక్కణ్నించే తళుక్కున వెనక్కి కొడుతుంది. రెటీనా నుంచి వచ్చే పలచటి వెలుగు ఆ తళుకులో కలిసిపోతుంది, కెమెరాకు తెల్లటి మచ్చ తప్ప ఏమీ దొరకదు. కాబట్టి కంటిపాప అనే చిన్న కిటికీలో ఒక పక్క నుంచి వెలుగు లోపలికి వెళ్లాలి, మరో పక్క నుంచి బయటికి రావాలి. రెండు దారులూ ఎక్కడా కలవకూడదు. వందేళ్ల కిందట గుల్‌స్ట్రాండ్ పట్టుకున్న సూత్రం ఇది. కిటికీ వెడల్పు కొన్ని మిల్లీమీటర్లు, మందు చుక్కలు వేసి విచ్చుకునేలా చేసినా సరే. అద్దం ముక్క ఒక మిల్లీమీటరు జరిగితే బొమ్మ పోతుంది. ఇక్కడ ఆప్టిక్స్ చదివినవాడు గీసిన గీత మెకానికల్ విద్యార్థి డబ్బాలో కూర్చోవాలి. డబ్బా ప్రింటరులోంచి వచ్చేటప్పుడు కొంచెం వంగుతుందని ఆ మెకానికల్ విద్యార్థి మాత్రమే చెప్పగలడు. పైగా ఈ కటకం ఇచ్చే బొమ్మ తలకిందులుగా ఉంటుంది. కంటి వైద్యం నేర్చుకునేవాళ్లు నెలల తరబడి సాధన చేసి ఆ తలకిందుల బొమ్మను మనసులో తిప్పుకోవడం అలవాటు చేసుకుంటారు. ప్రోగ్రామింగ్ తెలిసిన కుర్రాడికి అది ఒక్క వరుస. డాక్టరుకు నెలల సాధన అయినది పక్కనున్న విద్యార్థికి క్షణం పని అవడం, ఆ విద్యార్థికి ఎంతకీ అంతుపట్టని మచ్చ డాక్టరుకు ఒక్క చూపులో తేలిపోవడం, ఈ రెండూ ఒకే బల్ల దగ్గర జరగాలి. కార్యశాల పెట్టేది అందుకే.

ఇంకో పరికరం గురించి తీరిగ్గా చెప్పాలి. పిల్లల చూపు పరిధి కొలిచేది.

మనం నేరుగా ముందుకు చూస్తున్నా పక్కన జరిగేది కొంత కనిపిస్తుంది. చెవి వైపుకు తొంభై డిగ్రీలు దాటి, ముక్కు వైపుకు అరవై దాకా, కిందికి డెబ్బై దాకా. గ్లకోమాలోనో మెదడుకు దెబ్బ తగిలినప్పుడో ఈ పరిధిలో ఖాళీలు పడతాయి. పెద్దవాళ్లకైతే కొలవడానికి పద్ధతి ఉంది. గిన్నెలాంటి పరికరంలోకి ముఖం పెట్టి నడిమి చుక్కనే చూస్తూ ఉండాలి, పక్కన ఎక్కడైనా వెలుగు మెరిస్తే మీట నొక్కాలి. మూడు నెలల పసిపాపకు చుక్కనే చూడమని ఎలా చెబుతాం? మీట ఎవరు నొక్కుతారు? ఆప్టోమెట్రీ పరిశోధకురాలు ప్రేమనందిని సద్గుణం, సృజన ఇంజినీర్లు కలిసి దీనికి కట్టిన పరికరం పీడియాట్రిక్ పెరిమీటర్. ఒక అర్ధగోళం. దాని లోపలి వైపున నడినెత్తి నుంచి అంచుల దాకా వరుసలుగా ఎల్ఈడీలు. పాప వెల్లకిలా పడుకుంటే తల ఆ గోళం కిందికి వస్తుంది. గది చీకటి. చీకట్లోనూ చూడగల ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పైనుంచి పాప కళ్లను గమనిస్తూ ఉంటుంది. కంప్యూటరు ఒక వరుసను వెలిగిస్తుంది. పాప కన్నో తలో అటు తిరిగిందా? ఎంతసేపటికి తిరిగింది? దాన్నిబట్టి అటువైపు చూపు ఉందో లేదో తెలుస్తుంది.

దీని అందమంతా మీటను తీసేయడంలో ఉంది. జవాబు చెప్పమని పాపను అడగనక్కర్లేదు. కొత్త వెలుగు వైపుకు తిరగడం పుట్టుకతో వచ్చిన గుణం, అదే జవాబు. ఈ సంగతి ఏ ఎలక్ట్రానిక్స్ పుస్తకంలోనూ లేదు, పిల్లల కళ్లు పరీక్షించేవాళ్లకు మాత్రమే తెలుసు. అయితే వాళ్లకు తెలిసిన ఆ సంగతి డజన్ల కొద్దీ ఎల్ఈడీలను వరుసపెట్టి, ఒక్కొక్కటీ ఎప్పుడు వెలిగిందో మిల్లీసెకన్ల లెక్కన రాసిపెట్టే తీగల అల్లిక లేకపోతే కొలతగా మారదు. ఇద్దరూ కలిసి కూర్చుని ఆలోచించాల్సినవి ఎన్ని ఉన్నాయో చూడండి. వెలుగు మరీ ఎక్కువైతే గోళమంతా మెరిసి, ఏ వైపు వెలిగిందో పాపకే తెలియదు. మరీ తక్కువైతే తిరగదు. ఒకే క్రమంలో వెలిగిస్తే ముందే ఊహించి తిరుగుతుంది. పాప ఊరికే అటు తిరిగిందా, వెలుగు చూసి తిరిగిందా? ఆకలేస్తే ఏడుస్తుంది, నిద్రొస్తే కళ్లు మూస్తుంది. పరీక్షకు దొరికేది కొన్ని నిమిషాలే. తల్లి ఎక్కడ కూర్చోవాలి? తలకింద ఏం పెట్టాలి? ఆఖరి రెండు ప్రశ్నలూ డిజైన్ చదివినవాళ్లవి. వీటికి జవాబు లేకపోతే ముందున్న ఎలక్ట్రానిక్స్ అంతా దండగ.

రాస్కర్ బృందం తమ వంతుగా తెచ్చిన ఆలోచనా ధోరణి ఒకటుంది. 2010లో ఆయన బృందం చేసిన నేత్ర అనే పనిముట్టులో అది తేటగా కనిపిస్తుంది. కళ్లద్దాల నంబరు కొలిచే పెద్ద యంత్రాలు కంటిలోకి వెలుగు పంపి, తిరిగొచ్చే వెలుగు ఎలా చెదిరిందో సెన్సరుతో చదువుతాయి. నేత్రలో సెన్సరే లేదు. సెల్‌ఫోను తెర మీద గీతలు, దానికి ఆనించే చవక కటకాల ముక్క. చూసే మనిషే మీటలు నొక్కుతూ విడిపోయిన గీతలను ఒకదాని మీదికి ఒకటి తెచ్చుకుంటాడు. ఎన్నిసార్లు నొక్కాడన్నదే నంబరు. ఖరీదైన భాగం పనిని మనిషి కంటికే అప్పగించి, యంత్రాన్ని తలకిందులు చేశారు. పెరిమీటరు మీటను తీసేసింది, నేత్ర మీటను చేతికిచ్చింది. ఏది ఎక్కడ తీయాలో ఏది ఎక్కడ పెట్టాలో పుస్తకం చెప్పదు, ఎదుట కూర్చున్న మనిషిని చూస్తేనే తెలుస్తుంది. ఆసుపత్రిలో పెట్టిన కార్యశాలకూ హోటల్ హాల్లో పెట్టిన కార్యశాలకూ తేడా ఇక్కడుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. వారంలో ఏ పరికరమూ పూర్తవదు. ‘ఇంజినీరింగ్ ద ఐ’ మొదలైంది 2013లో. పీడియాట్రిక్ పెరిమీటర్ మీద పరిశోధన పత్రం అచ్చయింది 2017లో. పసిపిల్లల మీద వాడే పరికరం నైతిక సంఘం అనుమతి పొందాలి, తల్లిదండ్రుల సమ్మతితో పరీక్షించాలి, కొలత మళ్లీ మళ్లీ ఒకేలా వస్తోందో లేదో తేల్చాలి. అందుకు ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లను మోయడానికి సృజన ఉంది. జట్లు ఇళ్లకు వెళ్లిపోయినా బల్ల మీద మిగిలిన నమూనాను మర్నాడు చేతిలోకి తీసుకునే ఇంజినీరు ఉన్నాడు. పక్క భవనంలో రోగుల వరుస ఉంది. ఆ రోగుల్లో డబ్బు కట్టలేనివాళ్లకు వైద్యం ఉచితమే, కాబట్టి ఏ ఇంటి నుంచి వచ్చిన పాప అయినా గోళం కిందికి రాగలదు. వారం రోజుల కార్యశాల బలం ఆ వారంలో లేదు. దానికి ముందున్న పాతికేళ్ల ఆసుపత్రిలో, తర్వాత వెలిగే ప్రయోగశాల దీపంలో ఉంది. దీన్ని పట్టించుకోకుండా కార్యశాలను మాత్రం కాపీ కొడితే ఏమవుతుందో మన ఐటీ కారిడార్‌లో కావలసినన్ని చోట్ల చూస్తున్నాం.

హైటెక్ సిటీ నుంచి నార్సింగి దాకా శని, ఆదివారాలు హ్యాకథాన్‌లే హ్యాకథాన్‌లు. ఇరవైనాలుగు గంటలు, ముప్ఫైఆరు గంటలు నిద్రపోకుండా కూర్చోబెడతారు. శుక్రవారం రాత్రి ప్రశ్న తెలుస్తుంది, ఆదివారం మధ్యాహ్నం న్యాయనిర్ణేతలు వస్తారు. పిల్లల ఉత్సాహానికి నేను వంక పెట్టను. సీనియర్లతో పరిచయం, ఉద్యోగపు దారి దొరుకుతాయి, అవీ అవసరమే. కానీ ఇంత తక్కువ సమయంలో విద్యార్థి తనకు ముందే వచ్చిన విద్యనే వాడతాడు. కోడింగ్ వచ్చినవాడు యాప్ చేస్తాడు, సబ్జెక్టు ఏదైనా సరే. చెరువు మీద ప్రశ్న ఇచ్చినా యాప్, చేనేత మీద ఇచ్చినా యాప్. పక్కవాడి విద్యను తన పనిలోకి రానివ్వాలంటే ముందు తనకు తెలియనిది ఏమిటో తెలియాలి. అందుకు కనీసం ఒక రోజు పోవాలి. తన మొదటి నమూనా పనిచేయకుండా పోయేందుకు ఇంకో రోజు. ఎందుకు పోయిందో పక్కవాణ్ని అడిగి తెలుసుకునేందుకు మరో రోజు. అప్పుడు మొదలవుతుంది అసలు పని. వారం అన్న గడువు వెనక ఈ లెక్క ఉంది. రెండు రోజులకు కుదిస్తే పోయేది నడుమ ఉన్న ఆ ఓటమి రోజు. దాన్ని తీసేస్తే కార్యశాలలో నేర్చుకునేదే మిగలదు.

వయసు సంగతి కూడా చెప్పాలి. ఈ వారానికి వచ్చేవాళ్లు బడి పిల్లలు కారు, ఇరవై దాటినవాళ్లు. కొందరు ఉద్యోగం చేస్తూ చదువుతున్నవాళ్లు, ఇంకొందరు ఇంటి బాధ్యతలు మోస్తూ చదువుతున్నవాళ్లు. వాళ్లకు బొమ్మలు చూపి ఉత్సాహపరచక్కర్లేదు. ‘ఈ సమస్య నిజం, జవాబు మాకూ తెలియదు’ అని డాక్టరు వాళ్ల ముందు ఒప్పుకుంటే చాలు. పరీక్షల్లో వాళ్లు చూసిన ప్రశ్నలన్నిటికీ వెనక పేజీలో జవాబు ఉంది. జవాబు లేని ప్రశ్నను నమ్మకంగా చేతిలో పెట్టడమే ఆ వయసుకు ఇవ్వాల్సిన గౌరవం. ఈ గౌరవం ఇవ్వడానికి డాక్టరుకు ఓపిక కావాలి. ఓపీలో వందల మందిని చూసే మనిషి వారం పాటు కుర్రవాళ్లు అడిగే తెలివితక్కువ ప్రశ్నలకు కూడా జవాబు చెప్పాలి. ఆసుపత్రి ఆ సమయాన్ని లెక్కలో ఖర్చుగా రాసుకోకుండా ఇవ్వాలి. ఇచ్చిందనే నా ప్రశంస.

నార్సింగి కుర్రవాళ్లకు ఇప్పుడు చేతిపనికి ఇంకో చోటు దగ్గరైంది. 2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరిచారు. డెబ్బై ఎనిమిది వేల చదరపు అడుగుల్లో నమూనాలు చేసే యంత్రాలు, లోహానికీ చెక్కకూ మట్టికీ ఎలక్ట్రానిక్స్‌కూ ఒకే కప్పు కింద. 2013లో కుర్రవాళ్లకు ఇలాంటి చోటు ఊళ్లో లేదు. యంత్రాలు వచ్చాయి కాబట్టి ఇక కావలసింది ప్రశ్నలు తెచ్చేవాళ్లు. రోగుల వరుస పక్కనే ఉన్న డాక్టరు, మగ్గం పక్కనే కూర్చున్న నేతగాడు, చెరువు గట్టు మీద నిలబడ్డ రైతు. గండిపేట కాలేజీలు కూడా ఏదో ఒక బ్రాంచి విద్యార్థుల్ని కాకుండా అయిదు బ్రాంచిల వాళ్లను కలిపి ఒకే సెలవుల్లో వారం పాటు టీ-వర్క్స్‌కు పంపవచ్చు. హాజరు లెక్కల్లో దీనికి చోటు దొరకదంటారు. ఎన్‌ఎస్ఎస్ క్యాంపుకు దొరికిన చోటు దీనికి ఎందుకు దొరకదు?

పీడియాట్రిక్ పెరిమీటర్ కథలో ఒక మలుపు మిగిలి ఉంది. 2017 పత్రం శీర్షికలో పసిపిల్లలతో పాటు ప్రత్యేక అవసరాలున్న రోగుల ప్రస్తావన కూడా ఉంది. మెదడు ఎదుగుదలలో తేడా ఉండి, చెప్పిన మాట అందుకోలేక, మీట నొక్కలేక ఉండిపోయేవాళ్లు వీళ్లు. మాట అందుకోలేరు కాబట్టి వాళ్ల చూపు ఎంత దూరం పారుతుందో కొలిచే దారి పాత పరికరంలో లేదు. మూడు నెలల పాప కోసం మీట తీసేసిన గోళం వీళ్లకూ పనికొచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని పాప ఏం చేయగలదని తర్కించుకున్నవాళ్లు, తమకు తెలియకుండానే ఈ రెండో గుంపు కోసం కూడా పనిచేశారు.